గురువారం కుప్పలు

పోయిన నెల ఒక అమ్మాయి మా ఇంటికి వచ్చింది. రిటైరయ్యాక సెంటినరీ కాలనీ పక్కన కట్టుకున్న ఈ ఇంటికి వచ్చేవాళ్లు సాధారణంగా రెండు రకాలు. పెండ్లి పత్రిక ఇచ్చేవాళ్లు, మనుమడికి లెక్కలు చెప్పమనేవాళ్లు. ఈ అమ్మాయి ఏ రకమూ కాదు. జీపులోంచి మూడు పెద్ద అల్యూమినియం రేకులు దింపించి, వాటిని గది మూలలాగా ఒకదానికొకటి బిగించి, "మేడమ్, దీన్ని మీ పెరట్లో ఒక సంవత్సరం ఉంచుకోవచ్చా?" అని అడిగింది. రెండు దేశాలు కలిసి ఒక ఉపగ్రహాన్ని తయారుచేశాయట. అది పన్నెండు రోజులకోసారి ఇదే నేలను చూసి, గనుల మీద భూమి వేలెడు కుంగినా చెప్పేస్తుందట. ఈ రేకుల మూల దానికి పైనుంచి మెరుస్తూ కనబడే గుర్తు. నేను అడిగిన మొదటి ప్రశ్న, ఎన్ని గంటలకు వస్తుంది అని. రెండోది, ఆ రేకుల్లో వడియాలు ఎండబెట్టుకోవచ్చా అని. ఆ పిల్ల గాభరాపడి, "వద్దు మేడమ్! ఇక్కడే జైపూర్ దిక్కు ఒకరింట్ల దీంట్ల గోనెసంచి పరిచి మిరపకాయలు పోసిన్రు. మా లెక్కంతా ఆగమైంది" అంది. నాకు నవ్వాగలేదు. వాళ్లను ఏమీ అనవద్దనీ, నేల మీద బతికేవాళ్లు పైనుంచి చూసేవాళ్లను బోల్తా కొట్టించడం కొత్తేమీ కాదనీ, మా లైనువాళ్లం ఆ పని ఏనాడో చేశామనీ చెప్పాను. టీ తాగుతూ కొంత విన్నది. మిగతాది ఇక్కడ రాస్తున్నాను.

తేదీలన్నీ నా దగ్గర ఉన్నాయి. పదమూడో ఏట మొదలుపెట్టిన నోటుబుక్కులు వరసగా బీరువాలో ఉన్నాయి. అయినా ఇక్కడ ఒక్క తేదీ కూడా వేయను. వేస్తూ పోతే ఇది హాజరుపట్టీ అవుతుంది. ఒక జీవితానికి సరిపడా హాజరుపట్టీలు బడిలోనే రాశాను. వారాల పేర్లు మాత్రం రాయక తప్పదు, ఎందుకంటే ఈ సంగతంతా వారాల మీదే నడిచింది.

అప్పుడు మేం గోదావరిఖనిలో, ఎప్పుడో మూసేసిన ఒక పాత గని మీది నేలలో ఉండేవాళ్లం. ఇరవై రెండు పెంకుటిండ్లు ఒకే వరసలో ఉండేవి. దాన్ని అందరూ లైను అనేవారు. మగవాళ్లంతా గనిలో పనిచేసేవారు. ఇంటింటికీ వంటకు బొగ్గు వచ్చేది కానీ అది పచ్చి బొగ్గు. పచ్చి బొగ్గును పొయ్యిలో పెడితే ఇల్లంతా పసుపుపచ్చని పొగ, కుళ్లిన గుడ్డు వాసన, అన్నానికి కూడా అదే వాసన. అందుకని ముందు ఆరుబయట కుప్ప పోసి కాల్చి, పొగంతా పోయాక నీళ్లు చల్లి ఆర్పి, తేలికైన ఆ బూడిదరంగు కోకును ఇంట్లోకి తెచ్చుకునేవాళ్లం. ఎవరికి వీలున్నరోజు వాళ్లు కుప్ప పెడితే రోజూ ఎవరో ఒకరి పొగ ఇంకెవరి బట్టల మీదో పడేది. రోజూ కొట్లాటే. ఆ కొట్లాటలు తీర్చింది మా నాయనమ్మ లచ్చవ్వ. బుధవారం అందరూ బట్టలు ఉతుక్కోవాలి, గురువారం అందరూ కుప్పలు పెట్టాలి, అన్నీ లైను చివరి ఖాళీ జాగాలోనే పెట్టాలి, ఒక్కో వారం ఒక్కో ఇంటివాళ్లు కావలి ఉండాలి. గురువారం పొద్దున్నే ఇరవై రెండు కుప్పలు ఒక్కసారి అంటుకునేవి. సూర్యుడు పొగలోంచి ఇత్తడి పళ్లెంలా కనబడేవాడు. తొమ్మిది దాటేసరికి పొగ పలచబడి, కుప్పలు లోపలినుంచి ఎర్రబారేవి. ఆ ఎర్రదనం మీద మా అమ్మ జొన్న రొట్టెలు కాల్చేది. ఇప్పటికీ నాకు గురువారమంటే ఆ రొట్టె వాసనే.

లచ్చవ్వకు చదువు రాదు. పొగాకు నములుతూ, బొగ్గు పెళ్లను అరచేతిలో ఎగరేసి, ఇది ఎంతసేపట్లో పొగ వదులుతుందో చెప్పేది. కావలి వంతుల విషయంలో మాత్రం ఎవరినీ నమ్మేది కాదు, తన జ్ఞాపకాన్ని కూడా. అందుకే నాకు నోటుబుక్కు కొనిపెట్టి, ప్రతి గురువారం ఎవరి వంతు, ఎన్ని గంటలకు అంటించారు, ఎన్ని గంటలకు ఆర్పారు అని రాయించేది. ఒక్క గురువారం రాయకపోయినా ఆ పూట రొట్టె లేదు. తేదీ పట్టింపు నాకు వచ్చింది ఆ రొట్టెల వల్లే.

ఈ ఏర్పాటులో ఒకే ఒక్క చిక్కు. కింద పాత గని ఉంది కాబట్టి, ఆ నేల మీద నిప్పు రాజేయకూడదని కంపెనీ బోర్డు ఉండేది. ఆ బోర్డు కుప్పల జాగాకు పది అడుగుల దూరంలో ఉండేది. పొగకు అది నల్లబడి, అక్షరాలు కనబడకుండా పోయాయి.

ఒకరోజు లచ్చవ్వ కొడుకు, మా బాపు, మొదటి షిఫ్టు దిగి వచ్చి, చెప్పులు విడవకుండానే అరుగు మీద కూలబడ్డాడు. "మన లైను కింద బొగ్గు అంటుకున్నదట అవ్వా. పైకెల్లి ఫొటో తీసిన్రు. మన జాగా మీద వేడి ఉన్నదట."

"పైకెల్లి అంటే యాడికెల్లిరా?"

"ఆకాశంకెల్లి. ఉపగ్రహమట."

"కిందున్న మా కాళ్లు కాలలేదు. ఆకాశానికి కాలిందా?" అంది లచ్చవ్వ.

బాపు నవ్వలేదు. "ఖాళీ చేయిస్తరు గావొచ్చు. నేను కంపెనీ బారక్‌ల ఉంట. మీరందరు ఊరికి పోవాలె."

మా ఊరు మంథని దాటి లోపలికి. అక్కడి బడి ఐదో తరగతితో సరి. నేను అప్పుడు పదో తరగతి. ఊరికి పోవడమంటే నాకు బడి మానడమే. మా అమ్మ ఆ పూట నా కంచంలో ఒక రొట్టె ఎక్కువ వేసింది.

ఆ ఫొటో సంగతి తేల్చడానికి ఇద్దరు విదేశీయులు వచ్చారు. ఒకాయనది అమెరికా. ఉపగ్రహం ఫొటోలు చదివే మనిషి. లైనులో ఆయనకు ఫొటో సారు అని పేరు పడింది. రెండో ఆయనది పోలండు. గనుల్లో నిప్పు పసిగట్టడంలో ఆరితేరినవాడు. నేలలో పొడవాటి గొట్టం దింపి వేడి కొలిచేవాడు కాబట్టి గొట్టం సారు. ఆ రోజుల్లో ఆ రెండు దేశాలకూ పడేది కాదు. ఒకరి కాగితం ఒకరికి నేరుగా ఇవ్వడానికి వాళ్లకు అనుమతి లేదట. ఇద్దరూ తమ తమ కాగితాలను మన సర్వే ఆఫీసరు గారికే ఇవ్వాలి. సర్వే సారు ఏం చేసేవాడంటే, రెండు కట్టలనూ తన టేబుల్ మీద తెరిచిపెట్టి, "టీ తాగొస్తాను" అని బయటికి వెళ్లేవాడు. వచ్చేసరికి కట్టలు అటుదిటు ఇటుదటు మారి ఉండేవట. పొట్టలో మంట పుట్టేదాకా టీలు తాగానని ఆయన చాలా ఏండ్ల తర్వాత నాతో చెప్పాడు. దేశాల మధ్య రాయబారం అంటే నాకు గుర్తొచ్చేది ఆయన కడుపుమంటే.

వాళ్లు రావడానికి ముందు సూపర్‌వైజర్ వచ్చి లైనంతా వినబడేలా అరిచాడు. "బయటి దేశాల సార్లు వస్తున్నరు. అంతా సాఫుగ ఉండాలె. నిప్పు రాజేసినట్టు గిట్ల కనబడితే ఒక్కొక్కనికి చార్జిషీటు ఇప్పిస్త!" అంతే, ఆడవాళ్లు ఆ గురువారం కుప్పలు పెట్టలేదు. వారమంతా కట్టెల మీద వండారు. కుప్పల జాగాలోని బూడిదంతా తట్టలకెత్తి వాగులో పోశారు. ఎర్రమట్టి తెచ్చి పరిచి, పేడనీళ్లతో అలికి, నడుమ పెద్ద పద్మం ముగ్గు వేశారు. ఎన్నేండ్లుగానో కాలుతున్న ఆ నేల ఒక్క రోజులో పెండ్లి వాకిలి అయ్యింది.

సోమవారం పొద్దున వచ్చారు. ఫొటోలో వేడి చుక్క పడ్డది సరిగ్గా ఆ ముగ్గు మీద. గొట్టం సారు గొట్టం పట్టుకుని, ముగ్గును తొక్కకుండా ఎక్కడ కాలుపెట్టాలో తెలియక చుట్టూ రెండుసార్లు తిరిగాడు. చివరికి పద్మం రెండు రేకుల మధ్య సందు చూసుకుని దింపాడు. నేల చల్లగా ఉంది. నాలుగు చోట్ల కొలిచినా చల్లగానే ఉంది. సర్వే సారు లచ్చవ్వను అడిగాడు. "అవ్వా, ఇక్కడ ఎవరైనా నిప్పు పెడతారా?"

"లేదు సారు. మాకు నిప్పంటేనే బుగులు" అంది లచ్చవ్వ. వెనక నిలబడ్డ ఇరవై ఒక్కమంది ఆడవాళ్లు తలలూపారు. పక్కింటి జుబేదా ఖాలా అయితే, "అల్లా కసం, అగ్గిపెట్టె కూడ లేదు సారు" అని ఒకటి ఎక్కువే చెప్పింది. ఆ మాట అన్నప్పుడు ఆమె వెనక పొయ్యి మీద పప్పు ఉడుకుతోంది.

మరునాడు వాళ్లకు టీ కెటిల్ తీసుకుపోయే పని నాకు పడింది, నాలుగు ఇంగ్లీషు ముక్కలు వచ్చుననే ధైర్యంతో. సర్వే ఆఫీసులో ఇద్దరూ చెరో గోడ వైపు చూస్తూ కూర్చున్నారు. నేల చల్లగా ఉంది, మీ ఫొటో తప్పు అంటాడు గొట్టం సారు. ఒకసారైతే పొరపాటు అనుకోవచ్చు, రెండు ఫొటోల్లోనూ అదే చోట వేడి ఉంది, మీ గొట్టం తప్పు అంటాడు ఫొటో సారు. సర్వే సారు నావైపు తిరిగి తెలుగులో, "వీళ్లిద్దరూ ఒక్క మాట మీదికి రాకపోతే, ఎందుకైనా మంచిదని మీ లైను ఖాళీ చేయిస్తారమ్మా" అన్నాడు. నేను టీ పోస్తూ టేబుల్ మీది ఫొటోల వైపు చూశాను. ఊరూ వాగూ ఏవీ పోల్చుకోలేను గానీ, అంచుల మీద ఉన్న తేదీలు మాత్రం చదవగలను. ఒకటి వానాకాలానికి ముందుది, ఒకటి తర్వాతది. రెంటికీ నడుమ నూట పన్నెండు రోజులు. వేళ్ల మీదే లెక్కవేశాను. నూట పన్నెండును ఏడు భాగిస్తుంది. అంటే రెండు ఫొటోలూ ఒకే వారంనాటివి. ఉపగ్రహం ఎన్ని రోజులకోసారి, ఎన్ని గంటలకు వస్తుందని ఫొటో సారును అడిగాను. పదహారు రోజులకోసారి, పొద్దున తొమ్మిదిన్నర, పది మధ్య అన్నాడు. పదహారు రోజులకోసారి వచ్చేది మళ్లీ అదే వారానికి రావాలంటే ఏడుసార్లు తిరగాలి. ఏడు పదహార్లు నూట పన్నెండు. మధ్యలోవన్నీ మబ్బులకు పోయాయట, తర్వాతవి ఇంకా చేతికి రాలేదట. కెటిల్ అక్కడే వదిలేసి ఇంటికి పరుగెత్తి నోటుబుక్కు తీశాను. రెండు తేదీలూ ఉన్నాయి. రెండూ గురువారాలే. ఉపగ్రహం తొమ్మిదిన్నర, పది మధ్య వస్తుందంటే, సరిగ్గా మా అమ్మ రొట్టెలు కాల్చే సమయం.

లచ్చవ్వకు చెప్పాను. ఆమె ముందు నా నోటుబుక్కు లాక్కుంది. "నోరు మూసుకోని కూసో. ఇది బయటపెడితే మీ బాపుకు చార్జిషీటు, ఇరవై రెండు ఇండ్లకు చార్జిషీటు. నిన్న నిప్పే లేదని అంతమంది ముందట చెప్పిన. ఇయ్యాల ఉన్నదంటే నా మొకం ఏడ పెట్టుకోవాలె?"

"చార్జిషీటు ఇస్తే నౌకరి పోదవ్వా. కింద నిప్పున్నదని రాస్తే లైనే పోతది."

"నీకేం దెల్సే?"

"నా బడి పోతదని తెల్సు."

లచ్చవ్వ నోట్లో ఉన్న పొగాకు ఊసేదాకా ఆలోచించింది. తర్వాత కొత్త పొగాకు వేసుకుని, అది కూడా అయ్యేదాకా ఆలోచించింది. చివరికి చీర సర్దుకుని, "నడువ్. ఆ బుక్కు పట్టుకో" అంది.

ఆఫీసు గుమ్మంలో నిలబడే చెప్పేసింది. "సారూ, నిన్న నేను అబద్ధం చెప్పిన. ముగ్గేసిన కాడ ప్రతి బేస్తారం బొగ్గు కాలుస్తం. బూడిదంత వాగుల పోసినం."

సర్వే సారు ముఖం ఎర్రబడింది. "ఎవరెవరు కాలుస్తారు? పేర్లు చెప్పు."

"నేనే."

"ఎన్ని కుప్పలు?"

"ఇరవై రెండు."

"ఇరవై రెండు కుప్పలు నువ్వొక్కదానివే కాలుస్తావా?"

"మా ఇంటి పొయ్యి పెద్దది సారు."

"అవ్వా!"

"రాసుకో సారు. నా పేరు లచ్చవ్వ. కంపెనీ రిజిస్టర్ల నా పేరు లేదు. నాకు చార్జిషీటు ఎట్ల ఇస్తరో ఇయ్యిండ్రి."

సర్వే సారు తల పట్టుకుని, జరిగిందంతా ఇంగ్లీషులో చెప్పాడు. నేను నోటుబుక్కు తెరిచి రెండు గురువారాల మీద వేలు పెట్టాను. ఫొటో సారు తన ఫొటోల తేదీలను, నా బుక్కు తేదీలను మూడుసార్లు పోల్చి చూశాడు. తర్వాత గొట్టం సారు వైపు తిరిగి మొదటిసారి నవ్వాడు. ఇద్దరూ తప్పు కాదు, ఒకాయన గురువారం చూశాడు, ఒకాయన సోమవారం కొలిచాడు. గొట్టం సారు లేచి వచ్చి, నడుము వంచి, లచ్చవ్వ చెయ్యి అందుకుని ముద్దు పెట్టుకున్నాడు. వాళ్ల దేశంలో పెద్దవాళ్లయిన ఆడవాళ్లకు అది మర్యాదట. లచ్చవ్వ చెయ్యి లాక్కుని, "ఓ బాంచెన్! ఈయనేందే, నా చెయ్యి ఎంగిలి చేసిండు!" అని అరిచి, చీర కొంగుతో తుడుచుకుంది. దారంతా తుడుచుకుంటూనే వచ్చింది.

అయితే మాట చెప్పినంత మాత్రాన సరిపోదన్నారు. నిన్న అబద్ధం చెప్పినవాళ్లు ఇవాళ నిజం చెబుతున్నారని నమ్మకమేమిటి? ఉపగ్రహం మళ్లీ వచ్చే రోజున కుప్పలను పాత జాగాలో కాక వాగు అవతల మైదానంలో పెట్టాలి. వేడి చుక్క కూడా అవతలికి పోతే మా మాట నిజం. పోకపోతే కింద నిప్పున్నట్టే. లెక్క వేశాను, ఉపగ్రహం వచ్చేది బుధవారం. బుధవారం ఉతుకుడు రోజు. ఈ రెండు దేశాల సంగతి టీలతో తేలింది గానీ, మా లైనులో ఉతుకుడు రోజు మార్చడానికి రెండు పూటలు పట్టింది. "బుధవారం ఉతుకకపోతే మా పిల్లలు శుక్రవారం నమాజుకు మాసిన బట్టలతోని పోవాలెనా?" అంది జుబేదా ఖాలా. "మంగళవారం ఉతుకుదం" అంటే, మంగళవారం తలంటుకునేవాళ్లు ఒప్పుకోలేదు. చివరికి లచ్చవ్వ నడుముకు కొంగు చుట్టి, "ఆ ఒక్క వారం ఎవ్వలు ఉతుకద్దు. మాసిన బట్టలతోని ఎవ్వలు సావరు" అని తేల్చేసింది.

ఆ బుధవారం పొద్దున నేను కుప్పల లెక్క రాసుకోవడానికి వాగు దాటి వెళ్లి ఆశ్చర్యపోయాను. ఆడవాళ్లంతా పెండ్లి చీరలు కట్టుకుని వచ్చారు. పిల్లలకు తలకు నూనె రాసి దువ్వారు. జుబేదా ఖాలా జరీ దుపట్టా వేసుకుంది. ఫొటో తీస్తున్నారు కదా! ఒక చుక్క అంటే నేల మీద నూట ఇరవై మీటర్ల చదరమనీ, మనుషులు కనబడరనీ నేను ఎంత చెప్పినా ఎవరూ వినలేదు. "నీ సదువు నీ దగ్గర పెట్టుకో, ఒకవేళ కనబడితే?" అన్నారు. తొమ్మిదిన్నర నుంచి పది దాకా ఇరవై రెండు ఎర్రటి కుప్పల పక్కన ఇరవై రెండుమంది పట్టుచీరల్లో, కండ్లలో పొగ నీళ్లు కారుతున్నా తలెత్తి ఆకాశం వైపు చూస్తూ కదలకుండా నిలబడ్డారు. సార్లు ముగ్గురూ ఒడ్డు మీది నుంచి చూశారు. గొట్టం సారు టోపీ తీసి పట్టుకున్నాడు.

ఆ ఫొటో మా దగ్గరికి రావడానికి మూడు నెలలు పట్టింది. ఇప్పుడు ఆ అమ్మాయి మా వరండాలో కూర్చుని ఫోనులోనే మా చుట్టుపక్కల రామగిరి నేలనంతా, మొన్న మొన్న తీసినదాన్ని, నాకు చూపింది. మబ్బులు కూడా దానికి అడ్డం కావట. ఒకరి కొలత ఒకరు చూడడానికి ఎవరూ టీకి వెళ్లనక్కరలేదు. ప్రపంచంలో ఎవరైనా తీసుకోవచ్చట. ఇంటింటికీ గ్యాస్ వచ్చింది, బొగ్గు కుప్పలు లేవు. మా లైను జాగా కూడా చాలా ఏండ్ల తర్వాత ఓపెన్‌కాస్ట్ గనిలో కలిసింది. అప్పటికి నేను బసంత్‌నగర్ బడిలో లెక్కల టీచర్ని. అందరికీ ముందే చెప్పి, వేరేచోట ఇండ్లు చూపించి కదిలించారు కాబట్టి దాని మీద నాకు కోపం లేదు. పాతదే బాగుందని కూడా అనను. ఆ పొగ పీల్చిన ఊపిరితిత్తులు నావే, రాత్రిళ్లు దగ్గు వచ్చినప్పుడు అవి నాతో వాదిస్తాయి. కానీ ఆ మూడు నెలలు నాకు బాగా గుర్తు. రోజూ బడికి పోతూ, ఇదే ఆఖరి రోజేమో అనుకుంటూ నల్లబల్ల మీదివన్నీ రాసుకునేదాన్ని, అక్కరలేనివి కూడా.

ఒక పొద్దున సర్వే సారు జీపు మా ఇంటి ముందు ఆగింది. ఆయన చేతిలో ఫొటో, ఒక టైపు కాగితం ఉన్నాయి. వేడి చుక్క వాగు దాటింది. పాత జాగా చల్లగా, నల్లగా, ఏమీ లేనట్టుగా ఉంది. కాగితాన్ని లచ్చవ్వకు తెలుగులో చదివి చెప్పమన్నాడు. నేను చదివాను. సదరు చోట భూమి కింద నిప్పు లేదు, లైనును ఖాళీ చేయించనవసరం లేదు. వేడికి కారణం, లచ్చవ్వ అనే ఒక నివాసి, తన ఇంటి వంట కోసం, వారానికి ఇరవై రెండు కుప్పల బొగ్గు కాల్చడం. ఇకమీద ఆమె వాగు అవతల కాల్చుకోవచ్చు. కింద మూడు సంతకాలు. అమెరికా ఆయనది, పోలండు ఆయనది, మన సారుది. ఆ ఇద్దరి పేర్లు ఒకే కాగితం మీద ఉండడం అదే మొదటిసారని సారు చెప్పాడు. ఆ ముగ్గురూ ఇరవై రెండుమందిని కండ్లారా చూసినవాళ్లే. జీవితమంతా పిల్లల లెక్కలు దిద్దినదాన్ని, తప్పని తెలిసీ నేను దిద్దకుండా వదిలేసింది ఆ ఒక్క లెక్కనే.

లచ్చవ్వ మూడుసార్లు చదివించుకుంది. "ఇరవై రెండు అనే ఉన్నదా?"

"ఉన్నదవ్వా."

"ఒక్కదాన్నే అని ఉన్నదా?"

"ఉన్నది."

"సరిగ్గనే రాసిన్రు" అంది. కాగితాన్ని మడిచి బొడ్లో దోపుకుని, నావైపు చూసింది. "ఇంక గట్లనే కూసున్నవేందే? లే, బడికి టైమైతున్నది."